మంచు వేళ ప్రయాణం

హేమంతం పేరు వినగానే మన కవుల హృదయాలు పులకించాయి. గడ్డిపోచ కొసన నిలిచిన మంచుబిందువును ముత్యంతో పోల్చని కవి అరుదు. విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ. చదివే రోజులలో మేమూ ఆ వర్ణనలను ఇష్టంగా చదువుకొన్నాము. ఇప్పుడు తరగతి గదిలో అంతే ఇష్టంగా బోధిస్తున్నాము. అయితే స్టీరింగు ముందు కూర్చున్న మనిషి కన్నులకు ఆ మంచు ముత్యంగా కనిపించదు. ముందున్న దారిని, దారిలో నిలిచిన బండిని, బండి పక్కన నిలుచున్న మనిషిని మరుగుపరిచే తెరగా కనిపిస్తుంది. ఈ రెండవ చూపును గురించి మన విద్యార్థినీ విద్యార్థులతోను, కళాశాల కార్యవర్గ సభ్యులతోను కొన్ని మాటలు పంచుకోవాలన్నది మా ఉద్దేశం.

తెలుగులో 'మంచు' అన్న ఒక్క మాట ఎన్నో పనులు చేస్తుంది. ఆకు మీది తడీ మంచే, దారిని కమ్మే పొగా మంచే, హిమాలయాల మీద గడ్డకట్టినదీ మంచే. ఉర్దూలో వీటికి వేర్వేరు పేర్లున్నాయి. ఆకు మీది తడి శబ్‌నమ్, కళ్ళకు అడ్డుపడే పొగమంచు కొహ్రా, గడ్డకట్టినది బర్ఫ్. డ్రైవరుకు ఈ మూడూ మూడు వేర్వేరు ప్రమాదాలు. శబ్‌నమ్ రోడ్డును తడిపి టైరును జారనిస్తుంది. కొహ్రా చూపును కాజేస్తుంది. బర్ఫ్ టైరుకూ నేలకూ మధ్య ఉన్న పట్టునే తెంచివేస్తుంది. మొదటి రెండూ మన ఊరివే. మూడవది మన పిల్లలు చదువులకై, కొలువులకై వెళ్ళే దూరదేశాలలోది.

పొగమంచు పుట్టే తీరు తెలిస్తే దానిని తప్పించుకొనే ఉపాయం సగం తెలిసినట్లే. ఆకాశం నిర్మలంగా ఉండి గాలి కదలని రాత్రి నేల తన వేడిని త్వరగా కోల్పోతుంది. నేలను ఆనుకొన్న గాలి చల్లబడి, అందులోని నీటి ఆవిరి కంటికి ఆనని తుంపురులుగా మారి గాలిలోనే నిలుస్తుంది. చెరువు గట్లు, వాగుల మీది వంతెనలు, తడి ఆరని వరిపొలాలు, పల్లపు దారులు దానికి ప్రియమైన చోట్లు. చూపు ఒక కిలోమీటరు కన్న తగ్గినపుడు వాతావరణ శాస్త్రజ్ఞులు దానిని పొగమంచు అంటారు. 200 మీటర్లకు ఆవల ఏమీ కనిపించకపోతే దట్టమైనదని, 50 మీటర్లు కూడా కనిపించకపోతే అతి దట్టమైనదని వారి లెక్క. రాత్రంతా చల్లబడిన నేల తెల్లవారుజామున మరీ చల్లగా ఉంటుంది కనుక, సూర్యోదయానికి కొంచెం ముందూ వెనుకా ఈ తెర బాగా చిక్కనవుతుంది. ఎండ పడి గంటో రెండు గంటలో గడిస్తే సాధారణంగా విడిపోతుంది. అంటే దాని రాజ్యం కొద్ది గంటలే. విచిత్రమేమంటే, మన ప్రయాణాలు చాలావరకు సరిగ్గా ఆ గంటలలోనే సాగుతాయి.

సంక్రాంతికి హైదరాబాదు నుండి విజయవాడ దారి పట్టే వేలాది వాహనాలను చూడండి. రద్దీని తప్పించుకోవాలని చాలామంది అర్ధరాత్రి దాటాక బయలుదేరుతారు. నికాహ్‌కు వెళ్ళే బరాత్ బస్సయినా, ముహూర్తానికి వెళ్ళే పెళ్ళి బస్సయినా తెల్లవారేసరికి చేరాలన్నదే పట్టుదల. చింతపల్లి మన్యంలోని లంబసింగికి యువకులు మంచును చూడటానికే రాత్రంతా ఘాట్ రోడ్డు మీద బండ్లు నడుపుకొంటూ పోతారు. చూడబోయే మంచు గమ్యంలోనే కాక దారిలోనూ ఉంటుందని ఎందరు తలుస్తారో!

ఈ విషయం మాకు పుస్తకాల ద్వారా తెలిసినది కాదు. మా తండ్రిగారు ఇరవై ఎనిమిది సంవత్సరాలు లారీ నడిపారు. వారి తమ్ముణ్ణి మేము చిచ్చా అని పిలిచేవారము. ఆయనదీ అదే వృత్తి. 2001 జనవరిలో చిచ్చా నాగపూరు నుండి కమలాపండ్ల లోడుతో హైదరాబాదుకు బయలుదేరారు. నాటి 7వ నంబరు జాతీయ రహదారి, అనగా నేటి 44వ నంబరు రహదారి, అప్పటికి చాలాచోట్ల రెండు వరుసలదే. పండ్ల లోడు హర్రాజు మొదలుకాకముందే మార్కెట్టుకు చేరాలి. ఆలస్యమైతే ధర పడిపోతుంది. ధర పడిపోతే డ్రైవరు బత్తాలో కోత పడుతుంది. ఆదిలాబాదు అడవుల దగ్గర పొగమంచు కమ్మింది. వెంట వస్తున్న మరొక లారీవారు డాబా దగ్గర ఆగిపోయారు. ఆగుదామని చిచ్చాకూ పిలుపు ఇచ్చారట. ఆయన ఆగలేదు. కొంతదూరంలో ఇరుసు విరిగిన లారీ ఒకటి వెనుక దీపం లేకుండా రోడ్డు మీదనే నిలిచి ఉన్నది. దానిని చూచి బ్రేకు తొక్కడానికి కావలసిన దూరం చిచ్చాకు మిగలలేదు. అప్పటికి ఆయన వయస్సు 31 సంవత్సరాలు. ఇంట్లో ఇద్దరు పసివారు.

మేము అప్పుడు ఆరవ తరగతి చదువుతున్నాము. మా తండ్రిగారు తమ్ముణ్ణి తీసుకొని రావడానికి వెళ్ళి, మరునాడు సాయంత్రం తిరిగి వచ్చారు. తరువాత చాలా దినాలు ఆయన మాట్లాడలేదు. ఒకనాడు ఎవరో బంధువు ఆ రోజు మంచును నిందిస్తూ ఉంటే, ఆయన మా ఇంటి ఉర్దూలో ఒక మాట అన్నారు. తెలుగులో చెప్పాలంటే అది ఇట్లా ఉంటుంది: "బండి ఆపిన డ్రైవరును సేఠు తిడతాడు. ఆపని డ్రైవరును తిట్టాలన్నా, తిట్టడానికి మనిషి మిగలాలి కదా!"

ఆ తరువాత ఆయన నడిపిన ప్రతి చలికాలాన్ని మేము దగ్గరగా చూచాము. సాయంత్రం లోడు ఎక్కుతూ ఉండగానే ఆయన బండి చుట్టూ తిరిగేవారు. ఇనుప కడ్డీతో ఒక్కొక్క టైరును కొట్టి, మోతను బట్టి గాలి ఉన్నదీ లేనిదీ చెప్పేవారు. వెనుక దీపాల అద్దాలను తమ భుజం మీది రుమాలుతోనే తుడిచేవారు. "ముందు దీపం మనకు, వెనుక దీపం లోకానికి" అనేవారు. ముందు అద్దం మీద నీరు నిలువకుండా బీడీ పొగాకును తడిపి రుద్దేవారు. ఇవి పాతకాలపు పద్ధతులు. నేటి వాహనాలకు సాధనాలు మారాయి. చూడవలసిన వస్తువులు మాత్రం మారలేదు.

మొదటిది దీపం. పొగమంచులో పెద్ద వెలుతురు వేస్తే మరింత బాగా కనిపిస్తుందని కొత్తవారు భ్రమపడతారు. నిజానికి ఆ వెలుతురు గాలిలోని నీటి తుంపురుల మీద పడి వెనుకకు తిరిగి మన కన్నులనే కొడుతుంది. ఎదుట తెల్లని గోడ లేచినట్లు ఉంటుంది. కనుక డిప్పర్‌లోనే, అంటే వెలుతురు నేల మీద పడేటట్లుగానే, బండి నడపాలి. ఫాగ్ ల్యాంపులను బంపరు దగ్గర కిందుగా అమర్చడంలోని రహస్యం కూడా ఇదే. నాలుగు ఇండికేటర్లనూ వెలిగించుకొని నడిపే అలవాటు ఒకటి ఈమధ్య ప్రబలింది. అట్లా చేస్తే బండి ఏ పక్కకు తిరుగుతున్నదో వెనుకవారికి తెలియదు. అవి ఆగిన బండికి గుర్తు. నడిచే బండికి కాదు.

రెండవది అద్దం. బయట చలి, లోపల నలభైమంది శ్వాస. ఆ తడి చల్లని అద్దం మీద లోపలివైపు పేరుకొంటుంది. డ్రైవరు ఒక చేత గుడ్డ, ఒక చేత స్టీరింగు పట్టుకొన్న దృశ్యం మనమందరం చూచినదే. కిటికీ కొంచెం తెరిచినా, అద్దం మీదికి గాలి వదిలే యంత్రాన్ని వాడినా ఆ తెర తొలగుతుంది. చలి అంటూ అన్ని కిటికీలూ బిగించుకొనే ప్రయాణీకులు ఈ సంగతి గమనించాలి. వైపరు రబ్బరు ఎండలకు ఎండి బీటలు వారి ఉంటుంది. దానిని మార్చడానికి అయ్యే ఖర్చు స్వల్పం.

మూడవది టైరు. ఉష్ణోగ్రత అయిదారు సెల్సియస్ డిగ్రీలు తగ్గితే టైరులో గాలి ఒత్తిడి చదరపు అంగుళానికి సుమారు ఒక పౌను తగ్గుతుంది. మధ్యాహ్నం 30 డిగ్రీల ఎండలో నింపిన గాలి తెల్లవారి 12 డిగ్రీల చలిలో మూడు పౌన్లు తక్కువగా ఉంటుందన్నమాట. అందుచేత బండి నడవకముందు, టైరు చల్లగా ఉన్నపుడే గాలి చూడాలి. గాడుల లోతు కార్లకు, బస్సులకు, లారీలకు కనీసం 1.6 మిల్లీమీటర్లు, మోటారు సైకిళ్ళకు, ఆటోలకు 0.8 మిల్లీమీటర్లు ఉండాలని నిబంధనలలో ఉన్నది. అరిగిపోయిన టైరుకు మంచు తడి చాలు జారడానికి. ఇక బ్యాటరీ. చలిలో దాని శక్తి తగ్గుతుంది. ఎండకాలమంతా కుంటుతూ నడిచిన పాత బ్యాటరీ సరిగ్గా జనవరి తెల్లవారుజామున మొరాయిస్తుంది.

ఇవన్నీ సిద్ధమైనా, వేగం లెక్క తప్పితే ఫలితం సున్న. ఆ లెక్క మన ఇంటర్మీడియట్ విద్యార్థి చేయగలిగినదే. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ఎదుట ప్రమాదాన్ని కన్ను చూచి, మనస్సు గ్రహించి, కాలు బ్రేకు తొక్కేసరికి సెకనున్నర పడుతుందనుకొందాము. ఆలోగానే బండి 25 మీటర్లు పోతుంది. ఆపైన బ్రేకు పట్టి ఆగడానికి పొడి రోడ్డు మీద కారుకు ఇంచుమించు 20 మీటర్లు, తడి రోడ్డు మీద 35 మీటర్లు కావాలి. అన్నీ కలిపితే తడి రోడ్డు మీద 60 మీటర్లు. చూపు 50 మీటర్లే ఉన్నపుడు 60 కిలోమీటర్ల వేగంతో పోయేవాడు, తాను చూడబోయే వస్తువును ఢీకొనడానికి ముందుగానే ఒప్పుకొని బయలుదేరినవాడు. అదే 30 కిలోమీటర్ల వేగమైతే మొత్తం 20 మీటర్లలో, కొంచెం అటూ ఇటూగా ఆగవచ్చును. వేగం సగమైతే బ్రేకు దూరం నాలుగవ వంతు అవుతుంది. బరువెక్కిన బస్సుకు, లారీకి ఇంకా ఎక్కువ దూరం కావాలి. ఇరుకు దారిలో ఎదుటి బండీ వస్తూ ఉంటుంది కనుక, కనిపించే దూరంలో సగమే మనదని భావించాలి. ఉత్తర భారతంలో యమునా ఎక్స్‌ప్రెస్ రహదారి మీద చలికాలంలో వేగ పరిమితిని తగ్గించి అమలు జరపడం ఈ లెక్కను బట్టే.

మన దారులకు మరికొన్ని ప్రత్యేకతలున్నాయి. వానాకాలపు పంట చేతికి వచ్చాక రైతులు రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు. కళ్ళాలు చాలక చేసే పని అది. వారి కష్టం మనకు తెలియనిది కాదు. కాని వడ్ల చుట్టూ పేర్చిన రాళ్ళు రాత్రి మంచులో ఎవరికీ కనిపించవు. పత్తి నింపిన ట్రాక్టరు ట్రాలీకి వెనుక దీపమే ఉండదు. ఉన్నా పైనుండి వేలాడే బోరాలు దానిని కప్పివేస్తాయి. చెడిపోయిన లారీ వెనుక రాళ్ళు, చెట్టుకొమ్మలు పెట్టి, బాగుచేసుకొన్న తరువాత వాటిని అక్కడే వదిలిపోయేవారు కొందరు. మన విద్యార్థులలో రైతు బిడ్డలు ఎందరో ఉన్నారు. ఎర్రని రిఫ్లెక్టరు పట్టీ ఒకటి కొని ఇంటి ట్రాక్టరుకు అంటించండి. అది మీరు ముఖం చూడని ఒకరి ఇంటి దీపాన్ని కాపాడవచ్చును. ఉదయం ట్యూషన్లకు మోటారు సైకిళ్ళ మీద వచ్చేవారు చెవులకు మఫ్లరు చుట్టుకొని హెల్మెటును చేతికి తగిలించుకొనే అలవాటు మానాలి. వెనుక కూర్చొనే సోదరీమణులు శాలువ, చున్నీ, బురఖా అంచులు చక్రంలో పడకుండా ఒడిలోకి తీసుకోవాలి.

వాహనం మాట ఇంత చెప్పినాము. ఇక దానిని నడిపే మనిషి. రాత్రి రెండు గంటలకూ అయిదు గంటలకూ మధ్య మానవ శరీరాన్ని నిద్ర బలంగా లాగుతుంది. పొగమంచు చిక్కబడేదీ ఆ చివరి జాములోనే. చాయ్ తాగితే నిద్ర వాయిదా పడుతుంది గాని రద్దు కాదు. నిద్రకు నిద్రే మందు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమే డ్రైవరు పని రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించరాదని, అయిదు గంటల పని తరువాత కనీసం అరగంట విశ్రాంతి ఉండాలని విధించింది. చట్టం చేసినవారికి ఆ జ్ఞానం ఆనాడే ఉన్నది. బస్సు మాట్లాడుకొనే మనం మాత్రం కిరాయి ఎంతని అడుగుతాము, టీవీ ఉన్నదా అని అడుగుతాము. నిన్న రాత్రి డ్రైవరు నిద్రపోయాడా అని అడుగము.

2022 డిసెంబరులో మేము విద్యార్థులతో కలిసి కుంతాల జలపాతానికి విహారయాత్ర వెళ్ళినాము. చీకటితోనే బయలుదేరిన బస్సు నిర్మల్ దాటి అడవి మొదలయ్యేసరికి మంచులో చిక్కింది. డ్రైవరు వయస్సు మళ్ళినవాడు. ఎవరినీ అడుగకుండానే బస్సును పెట్రోలు బంకులోనికి తిప్పి, రోడ్డుకు దూరంగా నిలిపి, ఇంజను ఆపివేశాడు. "ఎండ వచ్చినంక పోదాం సార్" అన్నాడు. కుర్రవాళ్ళు ఈలలు వేశారు. బస్సుకు బ్రేకులు తప్ప మరేమీ లేవా అని ఒకడు వేళాకోళమాడాడు. కార్యక్రమ పట్టిక చేతిలో పట్టుకొన్న మా సహాధ్యాపకులు ఒకరు గడియారం చూచుకొన్నారు. మేము డ్రైవరు పక్కకు వెళ్ళి కూర్చున్నాము. ఆయన మంచిపని చేశాడని అందరికీ వినబడేటట్లు చెప్పినాము. గంటా పది నిముషాలు అక్కడే గడిచాయి. ఎండ వచ్చాక కదిలిన బస్సు రెండు కిలోమీటర్లు పోయిందో లేదో, రోడ్డు మధ్యలో పత్తి ట్రాలీ ఒకటి చక్రం ఊడి ఒరిగి ఉన్నది. దీపం లేదు. వెనుక నాలుగు రాళ్ళు మాత్రం ఉన్నాయి. డ్రైవరు ఏమీ అనలేదు. నెమ్మదిగా పక్కనుండి దాటించాడు. బస్సులో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. దిగేటప్పుడు వేళాకోళమాడిన అబ్బాయే డ్రైవరుకు చాయ్ తెచ్చి ఇచ్చాడు.

ఆగడం కూడా నడపడంలో భాగమే. అయితే ఆ పని డ్రైవరు ఒక్కడి చేతిలో లేదు. హర్రాజు వేళ నిర్ణయించే సేఠు, గడియారం చూచుకొనే పెళ్ళిపెద్ద, ఈలలు వేసే ప్రయాణీకుడు, వీరందరి కాళ్ళూ ఆ యాక్సిలరేటరు మీదనే ఉంటాయి.

ఇక బర్ఫ్ సంగతి. మన కళాశాలలో చదివి షికాగో, టొరంటో వంటి నగరాలకు వెళ్ళినవారు, వెళ్ళబోయేవారు ఉన్నారు. ఇక్కడ ఎన్నేళ్ళు నడిపినా అక్కడి మొదటి శీతాకాలంలో మనం కొత్తవారమే. ఉష్ణోగ్రత 7 డిగ్రీల కన్న తగ్గితే మామూలు టైరు రబ్బరు గట్టిపడి పట్టు కోల్పోతుంది. అందుకే అక్కడ మెత్తని రబ్బరుతో శీతాకాలపు టైర్లు వేరుగా ఉంటాయి. కెనడాలోని క్విబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుండి మార్చి 15 వరకు అవి తప్పనిసరి. ఫిన్లండ్ దేశంలో జారుడు నేల మీద శిక్షణ పొందడం లైసెన్సు చదువులో ఒక భాగం. రోడ్డు మీద పలుచగా గడ్డకట్టిన మంచు అద్దం వంటిది. నల్లని రోడ్డే కనిపిస్తుంది గాని మంచు కనిపించదు. కిందనుండి కూడా చలిగాలి తగలడం వలన వంతెనలు ముందుగా గడ్డకడతాయి. బండి జారినపుడు బెదిరి స్టీరింగు తిప్పివేయరాదు. పోదలచిన దిక్కునే చూస్తూ, కాలు యాక్సిలరేటరు మీదనుండి తీసి, నెమ్మదిగా ఆ దిక్కుకే తిప్పాలి. మంచులో కూరుకొనిపోయిన కారులో వెచ్చదనానికై ఇంజను నడిపేవారు పొగగొట్టం చుట్టూ ఉన్న మంచును ముందు తొలగించాలి. లేనిచో వాసన లేని విషవాయువు లోపలికి చేరి నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఒక దుప్పటి, టార్చిలైటు, చిన్న పార, తాగే నీరు కారులో ఉంచుకోవడం అక్కడి వాడుక. అమ్మ కట్టి ఇచ్చే ఆవకాయ సీసాతో పాటు ఈ నాలుగు మాటలనూ మూటకట్టుకొని పోవాలని మా కోరిక.

కార్యవర్గ పెద్దలకు మా మనవి ఒక్కటే. డిసెంబరు, జనవరి మాసాలలో కళాశాల తరఫున వెళ్ళే ఏ బస్సూ సూర్యోదయానికి ముందు రోడ్డు ఎక్కరాదన్న నియమం చేయండి. దూరప్రయాణమైతే ఇద్దరు డ్రైవర్లు ఉండాలనండి. ముందు రాత్రి వారు పడుకోవడానికి ఒక గది ఇవ్వండి. డ్రైవరు ఆగుదామంటే ఆగవలసిందేనని, ఆ ఆలస్యానికి ఎవరూ సంజాయిషీ అడుగరాదని అనుమతి పత్రంలోనే ఒక వాక్యం చేర్చండి. యాత్ర పట్టికలో ఒక చూడదగిన స్థలం తగ్గవచ్చును. తగ్గనివ్వండి.

తెలుగులో 'ఆలస్యం అమృతం విషం' అన్న సామెత ఉన్నది. 'నిదానమే ప్రధానం' అన్నదీ ఉన్నది. దేనిని ఎప్పుడు పాటించాలో తెలిసికొనడమే వివేకం. ఫీజు కట్టడానికి, పరీక్షకు చదవడానికి మొదటిది. మంచు కమ్మిన దారికి రెండవది. 'దేర్ ఆయే, దురుస్త్ ఆయే' అని ఉర్దూవారూ అన్నారు. ప్రయాణమై గడప దాటేవారికి మన ఊళ్ళలో ఒక ఇంట 'క్షేమంగా వెళ్ళి లాభంగా రండి' అంటారు, పక్క ఇంట 'ఖుదా హాఫిజ్' అంటారు. రెండు దీవెనలలోనూ ముందు కోరినది క్షేమమే. త్వరగా చేరమని ఏ పెద్దలూ దీవించలేదు.